బీన్‌పాట్ ఫైనల్ షూటౌట్‌తో తేలకూడదు, ఆడే తేలాలి

రగుల్స్_కుర్రాడు
2026 ఫిబ్రవరి దగ్గరపడింది, అంటే బోస్టన్ కాలేజీల ఐస్ హాకీ పోటీ బీన్‌పాట్ వస్తోంది కాబట్టి ఈ మాట ఇప్పుడే ఎత్తుతున్నా. నేను నార్త్‌ఈస్టర్న్‌లో ఎంఎస్ చేస్తున్నా, మా జట్టు హస్కీల పక్షం. 2023 ఫైనల్లో హార్వర్డ్‌ని 3-2తో ఓడించింది మావాళ్ళే. కానీ ఆ గెలుపు షూటౌట్‌లో వచ్చింది. మూడు పీరియడ్లు అయ్యాక 2-2, ఐదు నిమిషాల ఓవర్‌టైమ్‌లోనూ గోల్ పడలేదు, ఇక ఒక్కో ఆటగాడు పక్ (మంచు మీద ఆడే రబ్బరు బిళ్ళ) తీసుకుని గోలీ (గోల్ కాసేవాడు) మీదికి ఒంటరిగా వెళ్ళడం. మా గోలీ డెవన్ లెవీ నిలబడ్డాడు, కప్పు వచ్చింది, ఉత్తమ ఆటగాడు కూడా అతనే. సంతోషమే. కానీ కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ రికార్డులో ఆ ఆట ఇప్పటికీ టై అనే ఉంది! ఏడాదంతా ఎదురుచూసే ఫైనల్ అలా ముగియడం నాకు అస్సలు నచ్చలేదు. ఒక జట్టు ఆడి గోల్ కొట్టాలి, అప్పుడే ముగియాలి. గెలిచిన పక్షం నుంచి చెబుతున్నా కాబట్టి ఓడి ఏడుస్తున్నాడని ఎవరూ అనలేరు. మీరేమంటారు?

క్రిమ్సన్_కర్నూలు
ఓడిన పక్షం నుంచి నేను చెబుతాను తమ్ముడూ. ఆ రాత్రి బాల్కనీలో ఉన్నా. హార్వర్డ్ అప్పుడు మంచి జట్టు, సెమీస్‌లో బోస్టన్ కాలేజీని ఓవర్‌టైమ్‌లో గెలిచి వచ్చింది. ఫైనల్లో షూటౌట్ అనగానే నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఎర్ర స్వెటర్ వేసుకుని ఉన్నాడు, లేచి కోటు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఇంకా ఒక్క షాట్ కూడా పడలేదు. ఇది హాకీ కాదు అన్నాడు, కానీ వెళ్ళలేదు, కోటుతోనే మెట్ల మీద నిలబడి చూశాడు. ఆయన మాటే నా మాట. లెవీ గొప్పగా ఆపాడు, దానిమీద నాకు పేచీ లేదు.

కొత్తగా_వచ్చిన_కుమార్
అన్నా, అక్కా, ఒక్క నిమిషం. నేను సెప్టెంబర్‌లోనే బోస్టన్ వచ్చా. హాకీ అంటే నాకు తెలిసింది గడ్డి మీద ఆడేదే. రూమ్మేట్లందరూ బీన్‌పాట్, బీన్‌పాట్ అంటున్నారు. అది లీగా, కప్పా? సీజన్ మధ్యలో ఎందుకు పెడతారు? గెలిస్తే ఏమొస్తుంది? కొంచెం మొదటి నుంచి చెప్పండి.

వాల్తమ్_మావయ్య
కుమార్, నేను చెబుతాను. నేను 90ల్లో బోస్టన్ యూనివర్సిటీలో చదివినవాణ్ణి, అప్పటి నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నా, కాబట్టి బీయూ పక్షపాతం ఉంటుందని ముందే చెప్పేస్తున్నా.

నాలుగు కాలేజీలు: బోస్టన్ యూనివర్సిటీ (బీయూ), బోస్టన్ కాలేజ్ (బీసీ), నార్త్‌ఈస్టర్న్, హార్వర్డ్. ఎప్పుడూ ఈ నాలుగే. ఐదో జట్టు లేదు, అర్హత పోటీలు లేవు. ఫిబ్రవరిలో మొదటి రెండు సోమవారాలు. మొదటి సోమవారం రెండు సెమీఫైనళ్ళు, రెండో సోమవారం ముందు ఓడినవాళ్ళ మధ్య మూడో స్థానం ఆట, తర్వాత ఫైనల్. అన్నీ టీడీ గార్డెన్‌లోనే, అంటే ఈ ఊరి ప్రొఫెషనల్ జట్లు, హాకీలో బ్రూయిన్స్, బాస్కెట్‌బాల్‌లో సెల్టిక్స్, ఆడే చోటే. కాలేజీ సీజన్ అక్టోబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా పోతుంది, అందుకే ఇది నడిమధ్యలో వస్తుంది. గెలిస్తే కుండ ఆకారంలో ఉన్న ట్రోఫీ ఇస్తారు, ఈ ఊరివాళ్ళు చిక్కుడు గింజలు వండుకునే కుండ. లీగ్ పట్టికలో పాయింట్ రాదు. బీయూ, బీసీ, నార్త్‌ఈస్టర్న్ మూడూ హాకీ ఈస్ట్ లీగ్‌లోవే అయినా ఇక్కడ ఆడిన ఆట ఆ లీగ్ లెక్కలోకి రాదు. హార్వర్డ్ అయితే వేరే లీగ్, ఈసీఏసీ. మరి ఎందుకంత పిచ్చి అంటే, సంక్రాంతికి పక్కపక్క ఊళ్ళ కుర్రాళ్ళు కబడ్డీ ఆడుకుంటే ఎలా ఉంటుందో అలా అనుకో. జిల్లా పోటీల్లో ఓడినా మర్చిపోతారు, పక్క ఊరి చేతిలో ఓడితే ఏడాదంతా వినాలి.

మొదటిది 1952 డిసెంబర్ 26, 27 తేదీల్లో బోస్టన్ అరీనాలో జరిగింది, హార్వర్డ్ గెలిచింది, ఫైనల్లో బీయూ మీద 7-4. క్రిస్మస్ సెలవుల్లో ఖాళీగా ఉన్న ఐస్ రింక్‌లో ఏదో ఒక పోటీ పెడదామని మొదలైనది. తర్వాత పాత బోస్టన్ గార్డెన్‌కి మారింది, అది మూసేశాక 1996 నుంచి ఇప్పుడున్న గార్డెన్. మావాళ్ళు 30కి పైగా గెలిచారు, మిగతా మూడూ మా వెనకే. నేను చదివే రోజుల్లో 1995 నుంచి 2000 దాకా వరసగా ఆరు. కోచ్ జాక్ పార్కర్ ఒక్కడి హయాంలోనే 21. ఇప్పుడు న్యూయార్క్ రేంజర్స్ హాకీ జట్టుని నడిపిస్తున్న క్రిస్ డ్రూరీ బీయూలో చదివిన నాలుగేళ్ళూ నాలుగు బీన్‌పాట్లు గెలిచి వెళ్ళాడు.

షూటౌట్ సంగతి మీద నా మాట తర్వాత రాస్తా, ఆఫీసు కాల్ ఉంది.

బ్రైటన్_అక్క
మావయ్య గారూ, 2010 నుంచి 2014 దాకా వరసగా ఐదు గెలిచిన జట్టు ఏదో కూడా రాయాల్సింది. బోస్టన్ కాలేజ్! మా పెద్దమ్మాయి అప్పుడు అక్కడే చదువుకునేది, దానితో పాటే నేనూ హాకీ నేర్చుకున్నా. 2012 ఫైనల్ బీయూతోనే. 2-2. అప్పట్లో ఓవర్‌టైమ్ అంటే పూర్తి 20 నిమిషాలు, ఐదుగురికి ఐదుగురు. ఆ 20 నిమిషాలు కూడా అయిపోవస్తున్నాయి, ఇంకో ఏడు సెకన్లు కూడా లేవు, అప్పుడు బిల్ ఆర్నాల్డ్ కొట్టాడు. నేను అరిచిన అరుపుకి మర్నాడు గొంతు లేదు. కుర్రాడు అడిగిన ప్రశ్నకి నా జవాబు అదే: ఆ గోల్‌ని షూటౌట్ ఇవ్వగలదా? 2016లో కూడా చూడండి, బీసీ, బీయూ ఫైనల్ 60 నిమిషాలూ సున్నా సున్నా, ఓవర్‌టైమ్‌లో అలెక్స్ టక్ ఒకే ఒక్క గోల్, 1-0. ఆ తర్వాత మాకు మళ్ళీ కుండ రాలేదు. పదేళ్ళు అవుతోంది, ఆ బాధ వేరే.

ఆర్లింగ్టన్_నాన్న
నేను మీ అందరికీ ఎదురు చెబుతాను. మా అబ్బాయికి 14 ఏళ్ళు, ఊరి జట్టులో ఆడతాడు, శని ఆదివారాలు తెల్లారకముందే రింక్‌లో ఉంటాం. ఆటగాడి ఒంటి మీద ఎంత భారం పడుతుందో దగ్గర నుంచి చూస్తాను. హాకీలో ఒక్కో షిఫ్ట్ ముప్పావు నిమిషం ఉంటుంది, ఆ కాసేపట్లో ఉన్న శక్తంతా పెట్టేసి బెంచ్ మీద పడతారు. అలా 60 నిమిషాలు ఆడాక ఇంకో 20, ఇంకో 20 అంటే ఎలా? సోమవారం ఫైనల్, శుక్రవారం మళ్ళీ లీగ్ ఆట, ఈ మధ్యలో వీళ్ళకి క్లాసులు కూడా ఉన్నాయి. ఫిబ్రవరిలో ఎవరికైనా మోకాలు పోతే మార్చి నెల పోయినట్టే. లీగ్ పాయింట్ లేని ఆట కోసం అంత పణం పెట్టమనడం నాకు న్యాయంగా అనిపించదు. పైగా ముగ్గురికి ముగ్గురు ఆడే ఓవర్‌టైమ్ చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, మంచు మీద ఖాళీ దొరుకుతుంది, నైపుణ్యం ఉన్నవాడు బయటపడతాడు. 2024 ఫైనల్ గుర్తుందా? నార్త్‌ఈస్టర్న్, బీయూ 3-3, ఓవర్‌టైమ్‌లో గన్నార్‌వూల్ఫ్ ఫాంటేన్ కొట్టేశాడు, 4-3. అవతల మెక్లిన్ సెలెబ్రీనీ లాంటి స్టార్ ఆటగాడు ఉన్న జట్టు. ఎవరైనా ఆ గోల్‌ని తక్కువ అన్నారా?

రగుల్స్_కుర్రాడు
అన్నా, ఆ గోల్ నాకు ప్రాణం. కానీ అది ఆడుతూ కొట్టిన గోల్. నా గొడవ ముగ్గురికి ముగ్గురి మీద కాదు, ఆ ఐదు నిమిషాలు దాటాక వచ్చే షూటౌట్ మీద. ముగ్గురే ఉన్నా పాస్ ఉంటుంది, వెనక్కి పరిగెత్తి అడ్డుకోవడం ఉంటుంది. షూటౌట్‌లో మిగతా జట్టంతా బెంచ్ మీద కూర్చుని చూస్తుంది.

క్రిమ్సన్_కర్నూలు
ఆర్లింగ్టన్ నాన్న గారూ, గాయాల సంగతి ఒప్పుకుంటాను, ముఖ్యంగా మా జట్టుకి. ఐవీ కాలేజీలు సీజన్ ఆలస్యంగా మొదలుపెడతాయి, మొత్తం ఆటలు కూడా తక్కువ, అందుకే హార్వర్డ్‌కి ప్రతి ఆటా బరువే. మేం 1993లో గెలిచాక మళ్ళీ గెలిచింది 2017లో. 24 ఏళ్ళు. ఆ మధ్యలో మూడో స్థానం ఆటకి నాలుగున్నరకి సగం ఖాళీగా ఉన్న గార్డెన్‌లో ఎన్నిసార్లు కూర్చున్నారో మా డిపార్ట్‌మెంట్ పాతవాళ్ళని అడగండి. అంతకాలం ఎదురుచూసినవాళ్ళకి ఇంకో 20 నిమిషాలు కూర్చోవడం కష్టమా?

ఒక్కటి మాత్రం సరిచేయాలి. లీగ్ పాయింట్ లేదన్నంత మాత్రాన ఈ ఆటకి లెక్కే లేదని కాదు. జాతీయ టోర్నమెంట్‌కి 16 జట్లని ఎంపిక చేసేటప్పుడు సీజన్‌లో ఆడిన ఆటలన్నీ చూస్తారు, బీన్‌పాట్ ఆటలు కూడా అందులో ఉంటాయి. అంచు మీద ఉన్న జట్టుకి ఒక గెలుపు, ఒక టై మధ్య తేడా మార్చిలో తెలుస్తుంది.

వాల్తమ్_మావయ్య
వచ్చేశా. బ్రైటన్ అక్కయ్యా, 2012 గుర్తు చేసి నా కడుపు మండించారు, సరే.

నా మాట: ఫైనల్ ఆడే తేలాలి. దానికి నమూనా కూడా ఉంది, 2020 ఫైనల్. నార్త్‌ఈస్టర్న్ గెలిచేసిందనుకున్నాం, ఆఖరి క్షణాల్లో బీయూ సమం చేసింది, 4-4. నేను పక్కన ఎవరో తెలియని మనిషిని కావలించుకున్నా. ముందు ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, గోల్ లేదు. అప్పుడు షూటౌట్‌కి పోలేదు, 20 నిమిషాల రెండో ఓవర్‌టైమ్ పెట్టారు, ఐదుగురికి ఐదుగురు. అందులో జోర్డన్ హారిస్ కొట్టాడు, మేం ఓడిపోయాం. ఓడిపోయాం కానీ ఒక్క బీయూ వాడు కూడా ఇది అన్యాయం అనలేదు, అది గమనించండి. ఆ ఏడాదే సెమీస్‌లో బీయూ, బీసీ ఆట కూడా రెండో ఓవర్‌టైమ్ దాకా పోయింది. అంటే మా కుర్రాళ్ళు ఏడు రోజుల తేడాలో రెండు పొడవాటి ఆటలు ఆడారు.

2015 సంగతి కూడా చెప్పాలి. మాట్ గ్రెజెల్‌సిక్ అని మా కెప్టెన్, గార్డెన్‌కి నది అవతల ఉన్న ఛార్ల్స్‌టౌన్ కుర్రాడు. వాళ్ళ నాన్న గార్డెన్‌లోనే పనిచేసేవాడు, రాత్రికి రాత్రి బాస్కెట్‌బాల్ చెక్క తీసి మంచు బయటపెట్టే బృందంలో. ఆ మంచు మీదే కొడుకు నార్త్‌ఈస్టర్న్ మీద ఓవర్‌టైమ్ గోల్ కొట్టి కప్పు తెచ్చాడు. మా స్టార్ జాక్ ఐకెల్ ఆడిన ఏడాది అది, అందరూ ఐకెల్ గురించే మాట్లాడుతుంటే ఆ రాత్రి ఊరి కుర్రాడిదైంది. ఇలాంటివి ఆట సాగుతుంటేనే పుడతాయి.

కొత్తగా_వచ్చిన_కుమార్
ఇది చదువుతుంటేనే వెళ్ళాలనిపిస్తోంది. రెండు సందేహాలు. ఆట అర్థం కావడానికి ఏం తెలిస్తే చాలు? ఈసారి ఎవరితో ఎవరు?

ఆర్లింగ్టన్_నాన్న
కుమార్, మూడు పీరియడ్లు, ఒక్కోటి 20 నిమిషాలు. గోలీ కాక ఐదుగురు. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు, అంతసేపూ అవతలివాళ్ళకి ఒక మనిషి ఎక్కువ, అదే పవర్‌ప్లే. పక్ కంటే ముందు నీలం గీత దాటి లోపలికి పోతే ఆఫ్‌సైడ్. మధ్య గీతకి ఇవతల నుంచి పక్‌ని అవతలి చివరిదాకా ఊరికే తోసేస్తే ఐసింగ్, పక్ తిరిగి నీ గోల్ దగ్గరికే వస్తుంది. ఇవి చాలు. టీవీలో చూసే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కీ దీనికీ తేడా ఏంటంటే కాలేజీలో అందరి ముఖాలకీ పూర్తి రక్షణ ఉంటుంది, కొట్టుకుంటే ఆట నుంచి బయటికే.

మొదట్లో పక్ ఎక్కడుందో కనబడదు, కంగారు పడకు. ఆటగాళ్ళ తలలు ఎటు తిరిగాయో చూడు. బాల్కనీ నుంచి చూస్తే ఇంకా తేలిక, పైనుంచి మొత్తం ఆట పరుచుకుని కనబడుతుంది.

రగుల్స్_కుర్రాడు
సెమీస్ జతలు మూడేళ్ళకోసారి తిరిగి వస్తాయి బ్రో. 2023లో మేం బీయూతో, 2024లో హార్వర్డ్‌తో, 2025లో బీసీతో ఆడాం. కాబట్టి 2026లో మళ్ళీ మేం, బీయూ. హార్వర్డ్, బీసీ ఇంకోటి. డ్రా తీయడం, సీడింగ్ లాంటివి లేవు. పోయినేడు ఫైనల్ బీయూ, బీసీ మధ్య, బీయూ 4-1తో గెలిచింది.

ఈసారి మాకు ఇంకో కారణం కూడా ఉంది. మా సొంత రింక్ మాథ్యూస్ అరీనా డిసెంబర్‌లో మూతపడింది. 1910లో కట్టినది, మావయ్య చెప్పిన మొదటి బీన్‌పాట్ జరిగిన బోస్టన్ అరీనా అదే. చివరి ఆట బీయూతోనే. లోపల ఇరుకు, పైకప్పు దూలాలు, బాల్కనీ మంచు మీదికి వంగినట్టు ఉండేది, డాగ్‌హౌస్ అనే మా విద్యార్థుల సెక్షన్ కుర్రాళ్ళు అరిస్తే అవతలి గోలీకి తన డిఫెన్స్ మాట వినబడేది కాదు. దాన్ని పడగొట్టి కొత్తది కడతారు. సొంత గూడు లేని ఏడాది కుండ తెస్తే, ఆ ఆనందం ఊహకే అందట్లేదు.

మెడ్‌ఫర్డ్_సుజాత
అందరూ మగపిల్లల ఆట గురించే రాస్తున్నారు, ఆడవాళ్ళ బీన్‌పాట్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1979 నుంచి జరుగుతోంది, అవే నాలుగు కాలేజీలు. ఏళ్ళ తరబడి కాలేజీ రింకుల్లో కొద్దిమంది ముందు ఆడారు. 2024లో మొదటిసారి ఫైనల్‌ని టీడీ గార్డెన్‌కి తెచ్చారు, 10 వేలమందికి పైగా వచ్చారు. నార్త్‌ఈస్టర్న్, బీయూ, ఓవర్‌టైమ్‌లో నార్త్‌ఈస్టర్న్ 2-1. నేను మా చిన్నదాన్ని తీసుకుని వెళ్ళా. ముందు వరసలో ఆరేడేళ్ళ ఆడపిల్లలు, సొంత జట్టు జెర్సీలు వేసుకుని, అద్దానికి అరచేతులు ఆనించి నిలబడ్డారు. పక్ వచ్చి సరిగ్గా వాళ్ళ ముందు అద్దానికి కొట్టుకున్నప్పుడు ఒక్క పిల్ల కూడా వెనక్కి జరగలేదు. అమెరికా జట్టు గోలీ ఎయిరిన్ ఫ్రాంకెల్ నార్త్‌ఈస్టర్న్ నుంచి వచ్చిందే. షూటౌట్ వద్దని నియమం మారిస్తే ఇద్దరికీ మార్చండి, మగవాళ్ళకి 20 నిమిషాలు, ఆడవాళ్ళకి ఐదు అంటే ఒప్పుకోను.

బ్రైటన్_అక్క
సుజాతా, నూటికి నూరుపాళ్ళు.

వాల్తమ్_మావయ్య
ఇంత చర్చలో 1978 గురించి చెప్పకపోతే పాపం. నేను అప్పుడు ఇక్కడ లేను, బీయూలో నాకు చెప్పినవాళ్ళు అక్కడ ఉన్నవాళ్ళు. ఫిబ్రవరి 6, సెమీస్ రాత్రి. బయట మంచు తుఫాను, బోస్టన్‌లో 27 అంగుళాలు పడింది. 128 నంబరు రోడ్డు మీద వేల కార్లు కూరుకుపోయాయి. లోపల ఆట ఆపలేదు! హార్వర్డ్ ఓవర్‌టైమ్‌లో నార్త్‌ఈస్టర్న్‌ని గెలిచింది, బీయూ బీసీని 12-5తో చితక్కొట్టింది. ఆట అయ్యాక చూస్తే ఇంటికి పోయే దారి లేదు. వందలమంది గార్డెన్‌లోనే ఉండిపోయారు, కొందరు రోజుల తరబడి, కుర్చీల్లో నిద్ర, దుకాణాల్లో మిగిలిన హాట్‌డాగ్‌లు తిండి. ఫైనల్ మార్చి 1కి వాయిదా పడింది, బీయూ 7-1తో గెలిచింది. ఆ జట్టులో జిమ్ క్రెయిగ్, జాక్ ఓ కలహన్, డేవ్ సిల్క్ ఉన్నారు, రెండేళ్ళ తర్వాత ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టుని ఓడించిన అమెరికా జట్టులో కూడా వాళ్ళున్నారు. ఈ ఊరి జనం తుఫానులో కూర్చుని చూశారు, ఇంకో 20 నిమిషాలకి చలించరు.

ఆర్లింగ్టన్_నాన్న
మావయ్యా, జనం కూర్చుంటారు, నాకు ఆ సందేహం లేదు. నా టెన్షన్ పిల్లల ఒళ్ళు గురించి. మధ్యేమార్గంగా ఒకటి చెబుతాను. మూడో స్థానం ఆటకీ, సెమీస్‌కీ ఇప్పటి పద్ధతే ఉంచండి, ఐదు నిమిషాలు, అవసరమైతే షూటౌట్. ఫైనల్‌కి మాత్రం 2020లోలాగా, ఐదు నిమిషాలతో ఎన్‌సీఏఏ లెక్క ముగించి, ఆ పైన కుండ కోసం 20 నిమిషాల పీరియడ్లు, గోల్ పడేదాకా. ఏడాదికి ఒక్క ఆట కాబట్టి కోచ్‌లు కూడా ఒప్పుకోవచ్చు. మూడో స్థానం ఆటని లాగి లాగి ఆడించడంలో అర్థం లేదు, ఆ వెనకే అదే మంచు మీద ఫైనల్ మొదలవ్వాలి.

క్రిమ్సన్_కర్నూలు
సెమీస్‌లో కూడా షూటౌట్ వద్దు. ఒక జట్టు ఫైనల్‌కి వెళ్తోంది, ఇంకోటి వెళ్ళట్లేదు, అది చిన్న విషయం కాదు. మూడో స్థానానికి మాత్రం మీరు చెప్పినట్టే, టై అయితే టై అని వదిలేసినా పర్లేదు.

రగుల్స్_కుర్రాడు
సెమీస్‌లో మొదటి ఆట ఐదింటికి, రెండోది ఎనిమిదింటికి. మొదటిది రెండు ఓవర్‌టైమ్‌లకి పోతే రెండో ఆట అర్ధరాత్రి దాటుతుంది, అప్పుడు రైళ్ళు దొరకవు. అందుకని నేను ఆర్లింగ్టన్ నాన్న గారి లెక్కకే ఓటు. సెమీస్ వదిలేద్దాం, ఫైనల్ కాపాడుకుందాం. 2018లో మా కాలేజీ 30 ఏళ్ళ తర్వాత గెలిచినప్పుడు, ఆడమ్ గాడెట్ మూడు గోల్స్, బీయూ మీద 5-2, అది షూటౌట్‌లో వచ్చి ఉంటే మా సీనియర్లు ఇంకా ఇలా చెప్పుకునేవాళ్ళా? 1980లో అయితే అంతకు ముందు 27 టోర్నమెంట్లలో ఒక్కటీ గెలవని జట్టు, వేన్ టర్నర్ ఓవర్‌టైమ్ గోల్‌తో బీసీ మీద 5-4. ఆ గోల్ గురించి మా క్యాంపస్‌లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

కొత్తగా_వచ్చిన_కుమార్
నేను ఏ పక్షమో ఇంకా తేల్చుకోలేదు, కానీ ఫైనల్ విషయంలో మీతోనే. నేను ఉండేది ఆల్‌స్టన్‌లో, ఎలా రావాలి?

బ్రైటన్_అక్క
గ్రీన్ లైన్ బీ ఎక్కు నాయనా, గవర్నమెంట్ సెంటర్‌లో దిగి ఇంకో గ్రీన్ లైన్ మారితే నార్త్ స్టేషన్, గార్డెన్ దాని నెత్తి మీదే ఉంది. వీపు సంచి తేకు, లోపలికి రానివ్వరు. లోపల మంచు చలి ఉంటుంది, స్వెటర్ ఉంచుకో. టికెట్ తీసుకునేటప్పుడు ఏ కాలేజీ సెక్షనో చూసుకో, బీయూ వాళ్ళ మధ్య మా బీసీ మెరూన్ చొక్కాతో కూర్చుంటే మూడు గంటలూ నీకు మాటలు తప్పవు. గోల్ పడగానే అవతలి గోలీ వైపు వేళ్ళు చూపిస్తూ సీవ్, సీవ్ (అంటే జల్లెడ) అని అరుస్తారు, అది మాత్రం అందరూ చేస్తారు, నువ్వూ కలువు. మా సెక్షన్‌లో చోటుంది, రెండు సోమవారాలూ వస్తాం.

వాల్తమ్_మావయ్య
అక్కయ్యా, కుర్రాణ్ణి అప్పుడే లాగేసుకోకండి. ఆల్‌స్టన్ అంటే బీయూ పక్కనే. కుమార్, రెండో తారీకు బీయూ ఆటకి నా దగ్గర ఒక టికెట్ ఎక్కువ ఉంది, మెసేజ్ పెట్టు.